మడమ దగ్గర మామగారు

ఆ రోజు ఉదయం ప్రెస్సు యజమాని వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు చెప్పుల షాపు కార్డులకి డై పరీక్షించుకోవాలి. తర్వాత మామగారి సన్మానపత్రానికి లామినేషన్ చేసి ముందుగది గోడకి తగిలించాలి. అప్పుడు మామగారు వస్తారు. గోడ చూసి సంతోషిస్తారు, పని చూసి మెచ్చుకుంటారు, టీ తాగి వెళ్ళిపోతారు.

మామగారు సంతోషించడం అల్లుడికి చాలా అవసరం. ఆ ఇల్లు మామగారిది. మేడ మీద కూతురూ అల్లుడూ కాపురం ఉంటారు, కింద రెండు గదుల్లో ప్రెస్సు నడుస్తుంది. వీధి వైపున్న ముందుగది కోసం ఒక మందుల షాపాయన చాలాకాలంగా మామగారి వెంటపడుతున్నాడు. పంచింగ్ మిషను ఉన్నది ఆ గదిలోనే. వెనకగదిలోకి మారుద్దామంటే దాని గుమ్మంలో మిషను పట్టదు. గది పోతే మిషను పోతుంది. మిషను పోతే అల్లుడికి మిగిలేది జిరాక్సులు తీసుకుంటూ కూర్చునే బతుకు.

మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. జేబులో స్టీలు స్కేలు లేకుండా గడప దాటరు. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, బరువు చూసే మిషను సరిగ్గా ఉందో లేదో తేల్చాకే దాని మీద ఎక్కుతారు. అల్లుడి వృత్తి గురించి ఆయన అభిప్రాయం మొదటినుంచీ ఒకటే, ఈసారి దాన్ని ఫోన్లో తేల్చి చెప్పేశారు. "కాగితాలు కత్తిరించుకోవడం కూడా ఒక పనేనా? వచ్చి నా కళ్ళతో చూస్తాను. పని అనిపిస్తే గది నీకుంటుంది. ఆట అనిపిస్తే మందుల షాపుకి ఇచ్చేస్తాను."

అందుకే అల్లుడు తెల్లారగానే కిందికి దిగి మిషను తుడిపించాడు. దాన్ని నడిపే మనిషిని అందరూ నిదానం అంటారు. చేతులు చురుకే, మాటే నిదానం. ఒక వాక్యం మొదలుపెడితే, ఎదుటివాడు టీ తాగి వచ్చి మిగతాది వినొచ్చు.

చెప్పుల షాపావిడ కోరింది మామూలు కార్డు కాదు. కొత్త షాపు ప్రారంభానికి పిలిచే కార్డు చెప్పుల జత ఆకారంలో ఉండాలి. ఎడమ కాలిదొకటి, కుడి కాలిదొకటి, రెండూ కలిపి దారంతో కట్టి ఇవ్వాలి. అచ్చం నిజం చెప్పంత ఉండాలి. అందుకని రెండు డైలు చేయించారు. డై అంటే చూడ్డానికి మామూలు చెక్కపలక. దాని మీద కావలసిన ఆకారాన్ని సన్నటి సందులా కోసి, అందులో పదునైన ఉక్కు పట్టీని వంచి నిలబెడతారు. పట్టీ పక్కన రబ్బరు ముక్కలు అంటిస్తారు, కోసిన కాగితం పలకకి పట్టుకుపోకుండా అవి వెనక్కి తోస్తాయి. మిషనుకి రెండు ఇనప దవడలు. ఒకదానికి డై బిగించి, రెండోదాని మీద అట్ట పెడితే దవడలు మూసుకుని తెరుచుకుంటాయి. అంతలో అట్ట చెప్పయిపోతుంది.

అసలు కార్డుల మీద చెయ్యి వేసేముందు పనికిరాని మందపాటి అట్ట మీద ఒక దెబ్బ వేసి చూడటం నిదానం అలవాటు. అచ్చు ఉన్న వైపు కిందికి, తెల్లవైపు పైకి పెడతాడు. తెల్లటి మీదైతే ఎక్కడ తెగిందో ఎక్కడ తెగలేదో ఇట్టే తెలుస్తుంది. ఆ పనికిరాని అట్టల దొంతర మిషను పక్కనే స్టూలు మీద ఉంటుంది.

అల్లుడి భార్య సన్మానపత్రం పట్టుకుని మేడ దిగింది.

"ఏమండీ, ఇదిగో నాన్నగారిది. బంగారు అక్షరాలండీ, దుమ్ము పడితే మళ్ళీ రాదు. జాగ్రత్త."

"అక్కడ పెట్టు. ఫోన్లో ఉన్నాను."

ఆమె జాగ్రత్త గల మనిషి. బంగారు అక్షరాల మీద దుమ్ము పడకుండా పత్రాన్ని బోర్లా పెట్టింది. పెట్టింది దొంతర మీద.

అల్లుడు ఫోన్లో చెప్పుల షాపావిడకి ధైర్యం చెబుతున్నాడు. "మధ్యాహ్నంలోపు నమూనా చూసుకోండి మేడమ్, మీరే అంటారు." ఇంతలో వెనక మిషను ఒకసారి మూసుకుని తెరుచుకున్న చప్పుడైంది. నిదానం ముఖం వెలిగిపోయింది. అంచులు గుండ్రంగా, ఎక్కడా పీచు లేకుండా, వెన్నలో చాకు దిగినట్టు తెగింది. అతను ముక్కని షీటులోంచి ఊడదీసి అల్లుడి ముందు పెట్టాడు.

"సార్... ఫస్టు దెబ్బకే... ఎలా వచ్చిందో..."

"శభాష్," అంటూ అల్లుడు దాన్ని తిరగేశాడు.

చెప్పు మధ్యలో "నిష్కళంక సేవకు గుర్తింపుగా" అని బంగారు అక్షరాలు. పత్రం తలకిందులుగా మిషనులోకి వెళ్ళడం వల్ల పైన ఉండాల్సిన మామగారి ఫొటో సరిగ్గా మడమ దగ్గర పడింది. ఆయన కళ్ళజోడులోంచి అల్లుడినే చూస్తున్నారు.

భార్య దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఇది నాన్నగారి..." అంది భార్య.

"తెలుసు."

"చెప్పు..."

"అదీ తెలుసు!"

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ? మామగారి పరువు తీసి చెప్పు చేశాడనుకోరూ?"

"ఎవరో సంగతి తర్వాత. ఆయన చూస్తే ఏమవుతుందో ఆలోచించు."

అల్లుడు కంగారులో కూడా బుర్ర పనిచేసే రకం. ఇలాంటి సమయాల్లో అదే అసలు ప్రమాదం. తెగిన చెప్పుని మళ్ళీ షీటులో దాని కంతలోనే అమర్చి, వెనకనుంచి టేపు వేసి, లామినేషన్ చేసేస్తే అతుకు కనపడదని తేల్చాడు. అమర్చారు. టేపు వేశారు. దూరంనుంచి చూస్తే పత్రం పత్రంలాగే ఉంది. లామినేషన్ మిషను వేడి రోలర్ల మధ్యకి దాన్ని పంపారు. వేడికి టేపు జిగురు కరిగింది. పత్రం అటువైపు నుంచి బయటికి వచ్చేసరికి మధ్యలో చెప్పు కొంచెం ముందుకి జరిగి ఉంది, అడుగు వేసినట్టు. మామగారు మడమతో సహా ఆ అడుగులోనే ప్లాస్టిక్‌లో శాశ్వతంగా స్థిరపడ్డారు.

"ఇంతకుముందే నయం," అంది భార్య. "కనీసం కదలకుండా ఉండేది."

అల్లుడు కత్తెర తెచ్చి చుట్టూ ఉన్నదంతా తీసేసి చెప్పు ముక్కని మాత్రం ఉంచాడు. ఎందుకు ఉంచాడో అతనికే తెలీదు. మామగారి ఫొటో ఉన్నదాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రాలేదు.

అప్పుడు భార్యకి ఒకటి గుర్తొచ్చింది. పొద్దున్నే అక్కచెల్లెళ్ళ గ్రూపులో పెట్టడానికి పత్రాన్ని ఫోన్లో ఫొటో తీసింది. మంచి స్పష్టమైన ఫొటో. కింద మూల పత్రాన్ని పట్టుకున్న ఆమె బొటనవేలు కూడా అంతే స్పష్టంగా పడింది.

"వేలు తీసెయ్యలేరా?"

"తీస్తే కింద సంతకాలు కూడా పోతాయి. ఉండనీ. మీ నాన్నగారు గోడ మీద అంత కిందికి చూడరు."

అదే మందం అట్ట మీద కొత్త పత్రం అచ్చయింది. అసలుదానికంటే ఇదే బాగుందని అల్లుడు అనుకుంటుండగా వీధిలో ఆటో ఆగింది. మామగారు! ఆయన చెప్పిన సమయానికి రారు, ముందే వస్తారు. గడియారాలన్నీ ఆలస్యంగా నడుస్తాయని ఆయన నమ్మకం.

"దాచు!" అన్నాడు అల్లుడు.

నిదానం చేతిలో కొత్త పత్రం ఉంది. మామగారి ఫొటో కనపడకుండా దాన్ని మెల్లగా బోర్లించాడు. ఈసారి తను తెలివైన పని చేస్తున్నానని అతనికి గట్టి నమ్మకం. దొంతర పైన పెడితే పొరపాటున తనే కోసేస్తాడు కనుక, దొంతరని ఎత్తి అన్నిటికంటే అడుగున పెట్టాడు. భార్య చేతిలో ప్లాస్టిక్ చెప్పు ఉంది. ఆమె గది అంతా చూసి, ఉన్న ఒక్క కుర్చీ మీది దిండు కిందికి దాన్ని తోసింది.

మామగారు లోపలికి వచ్చి, స్కేలు జేబులో ఉందో లేదో తడుముకుని, తిన్నగా వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నారు.

"నా సన్మానపత్రం గోడకి పెడుతున్నావని అమ్మాయి చెప్పింది. గోడ ఖాళీగా ఉందే?"

"ఆరుతోందండీ, మామయ్యగారూ."

"లామినేషన్ ఆరడమేమిటి?"

"మంచినీళ్ళు తాగండి నాన్నా," అంది కూతురు.

"ఇప్పుడే తాగి వచ్చాను. ఏదీ, నీ పని చూపించు అల్లుడూ. ఇదేనా ఆ చెక్క? దీని బదులు కత్తెరతో చెయ్యలేరా?"

"చెయ్యొచ్చండీ. ఒక్కటైతే. వెయ్యి కార్డులు కత్తెరతో కోస్తే వెయ్యి రకాల చెప్పులొస్తాయి. దీంతో కోస్తే మొదటిదీ ఆఖరిదీ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకటే అనిపించాలి."

మామగారి కనుబొమ్మలు కొద్దిగా పైకి లేచాయి. తేడా రాకూడదు అన్న మాట ఆయన ముందు ఇంతకుముందు ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. ఆయన డైని చేతిలోకి తీసుకుని, ఉక్కు పట్టీ మీద కళ్ళజోడు ఆనించినంత పని చేశారు.

"ఇక్కడ పట్టీలో చిన్న గాట్లున్నాయి. నాసిరకం అంటగట్టారు నీకు."

"కావాలనే పెట్టించానండీ. గాటు ఉన్నచోట కాగితం తెగదు. పూర్తిగా తెగితే ముక్క మిషనులోనే జారి పడిపోతుంది. ఇలా అయితే షీటుతో పాటే బయటికి వస్తుంది, ఆ తర్వాత వేలితో తడితే ఊడిపోతుంది."

"హుఁ," అన్నారు మామగారు. ఆయన "హుఁ" అనడం అంటే మిగతా లోకం చప్పట్లు కొట్టడం. "ఏదీ, నా ముందు ఒకటి కొయ్యి. నువ్వే కొయ్యి, అతను కాదు."

అల్లుడి గుండె నిండింది. రెండో కాలి డై బిగించి, మీట దగ్గరికి వెళ్ళి దొంతర చూశాడు. పైనున్న అట్టలకి మూలలు మడతపడి ఉన్నాయి. ఇవాళ ఇలాంటి అట్ట మీద కోస్తే పరువేముంది? మంచిదాని కోసం దొంతర ఎత్తి అడుగునున్నది లాగాడు. నున్నగా, కొత్తగా, తెల్లగా ఉంది.

"సార్..." అన్నాడు నిదానం. "అడుగుది..."

"మిషను దగ్గర మాటలేమిటయ్యా?" కసిరారు మామగారు. "చెయ్యి నలుగుతుంది!"

దవడలు మూసుకున్నాయి. తెరుచుకున్నాయి.

"...మాత్రం తియ్యకండి," అన్నాడు నిదానం.

అల్లుడికి విషయం అర్థమయ్యేలోపు మామగారు లేచి షీటు అందుకున్నారు. వేలితో తడితే ముక్క చక్కగా ఊడింది. తెల్లవైపే పైకి పెట్టుకుని, స్కేలు తీసి పొడవు చూశారు, వెడల్పు చూశారు, చెప్పు పట్టీ దూర్చే కన్నం అంచునుంచి ఎంత దూరంలో ఉందో చూశారు. డై మీద మళ్ళీ అవే కొలతలు చూశారు. పక్కన నిలబడ్డ ముగ్గురూ ఊపిరి బిగపట్టారు. ఆయన దాన్ని ఆసక్తి అనుకున్నారు.

"వెంట్రుక వాసి తేడా లేదు," అన్నారు చివరికి. "అల్లుడూ, ఒప్పుకుంటున్నాను. ఇది పనే."

ఈ మాట కోసం అల్లుడు పెళ్ళైనప్పటినుంచీ ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు అది చెవిన పడినా ఆనందించే స్థితిలో లేడు. ఎందుకంటే మామగారు రెండోవైపు అంచు ఎలా ఉందో చూడ్డానికి చెప్పుని తిరగేస్తున్నారు.

ఆయన తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత మడమని చూశారు. తర్వాత కాలివేళ్ళ వైపు చూశారు.

"ఈ బొటనవేలు ఎవరిది?"

కూతురు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఇది కుడికాలిది," అన్నారు మామగారు. గొంతు లేవలేదు, అదే భయంగా ఉంది. "ఎడమది ఏది?"

"ఎడమదేమీ లేదండీ," అన్నాడు అల్లుడు.

"జత లేకుండా ఒకటే ఎవరు కోస్తారు? నన్ను ఎడమకాలికి కూడా వేసే ఉంటారు. ఏదీ?"

కూతురు తల దించుకుంది. "మీరిందాక దాని మీదే కూర్చున్నారు నాన్నా."

దిండు కింద నుంచి ప్లాస్టిక్ చెప్పు బయటికి వచ్చింది. కొంచెం వెచ్చగా కూడా ఉంది. మామగారు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెండు మడమల దగ్గరనుంచీ రెండు కళ్ళజోళ్ళు పైకి చూస్తున్నాయి. ఎడమది ప్లాస్టిక్ అంచుతో కలిపి కొంచెం పెద్దగా ఉంది. అసలైన అవమానం అదే అన్నట్టు ఆయన ముఖం అప్పుడు ఎర్రబడింది.

"ముప్పై ఏళ్ళు," అన్నారు. "ముప్పై ఏళ్ళు ఒక్క తప్పు తూకం వదల్లేదు. ఆఖరికి నన్ను చెప్పు చేశారు. అందులోనూ జత సమంగా లేదు. అమ్మాయ్, ఆ మందుల షాపాయనకి ఫోన్ కలుపు."

"నాన్నా..."

"కలుపు!"

కూతురు కలిపి ఇచ్చింది. అటువైపు మొదటి గంటకే ఎత్తారు. "హలో సార్! గది సంగతేనా సార్?" అన్న ఉత్సాహం గదిలో అందరికీ వినపడింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల షాపావిడ అడుగుపెట్టింది. కబురు లేకుండా రావడం, వచ్చాక గాలి పీల్చుకోకుండా మాట్లాడటం ఆవిడ పద్ధతి.

"నమూనా అయిందా అండీ? ఇటే వెళ్తున్నాను, చూసిపోదామని... అబ్బ! ఇవేనా? ఎంత బాగున్నాయి! ఒకటి ప్లాస్టిక్ వేసి, ఒకటి వెయ్యకుండా చూపించారా? బొటనవేలు కూడా సరిగ్గా దాని చోటులో పెట్టారే! ఇంతకీ ఈ పెద్దాయన ఎవరండీ?"

అల్లుడికి అబద్ధం తట్టలేదు. దిక్కులేక నిజం చెప్పేశాడు. "తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగారండీ."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "కొలతల ఇన్‌స్పెక్టరా! ఈ ఆలోచన నాకెందుకు రాలేదండీ! మా పాత షాపులో రోజూ ఒకటే గొడవ. చెప్పు మీద ఎనిమిదని వేసి ఉంటుంది, ఎనిమిది వేసుకునే కాలు అందులో దూరదు. తొమ్మిదిస్తే జారిపోతుంది. జనం మమ్మల్ని తిడతారు."

మామగారు ఫోన్ చెవి దగ్గరనుంచి దించారు. "ఎనిమిదని వేసి ఎనిమిది ఉండదా?"

"ఎక్కడుంటుందండీ! ఒక జతలోనే ఎడమకీ కుడికీ తేడా!"

"ఒక జతలోనే?"

"హలో సార్? గది ఎంత పొడవుంటుంది సార్?" అంటోంది ఫోన్.

"తర్వాత చేస్తాను," అని మామగారు ఫోన్ కట్టేశారు. ఆయన గొంతులో రిటైరైన నాటినుంచీ ఎవరూ వినని ఒక గట్టితనం వినపడింది. "ఎవరు తయారుచేస్తున్నారు అలాంటివి?"

అప్పుడు గానీ ఆవిడ ఆయన ముఖాన్నీ, బల్ల మీద ఫొటోల్నీ మార్చి మార్చి చూడలేదు. "అయ్యో, మీరేనా అండీ! నమస్కారం. మీ ఫొటో కార్డుల మీద ఒక్కటే కాదు, షాపులో ప్రతి చెప్పుకీ కట్టే ట్యాగ్ మీద వేసుకుంటాను. మీరు చూసి సరే అన్నారని."

"చెప్పు మీద నా ముఖమా?"

"చెప్పు మీద కాదండీ, ట్యాగ్ మీద. మీ మాట ఉంటే మా షాపుకి ఇంకేం కావాలి?"

"చూడకుండా నేను దేన్నీ సరే అనను."

"చూడండి! ప్రతి జతా మీ ముందు పెడతాను."

అల్లుడు గోడకి ఆనుకున్నాడు. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అది ఆయన ఇన్‌స్పెక్షన్‌కి దిగేముందు చేసే పని అని కూతురికి తెలుసు.

"రిటైర్డ్ అని కూడా వెయ్యాలి," అన్నారు. "అబద్ధం ఉండకూడదు. ఇంకొకటి, ఫొటో మడమ దగ్గర ఉండటానికి వీల్లేదు."

"వేళ్ళ దగ్గర షాపు పేరు రావాలండీ మరి."

మామగారు ప్లాస్టిక్ చెప్పుని తీసి కాసేపు ఆలోచించారు. "పాదానికి మధ్యలో గుంట ఉంటుంది. అక్కడ బరువు పడదు. అక్కడ వేసుకోండి."

"అయితే డై మళ్ళీ..." అని మొదలుపెట్టాడు నిదానం.

"డై మార్చక్కర్లేదు, అచ్చు మారిస్తే చాలు," అన్నాడు అల్లుడు గబగబా. "ఇవాళే మార్చేస్తాం. మరి మామయ్యగారూ... గది?"

"గది ఎవరికీ ఇవ్వడం లేదు. ఇది పనే అన్నాను కదా. ఒకసారి చెప్పిన కొలత నేను మార్చను."

భార్య అల్లుడి వైపు చూసి నవ్వింది. అల్లుడు కూడా నవ్వాడు. నిదానం నవ్వడం మొదలుపెట్టాడు గానీ అది పూర్తవడానికి టైము పడుతుంది.

మామగారు స్కేలుతో కిటికీ నుంచి మిషను వరకూ నేల కొలవడం వాళ్ళెవరూ గమనించలేదు.

"ఇక్కడ నా బల్ల పడుతుంది," అన్నారాయన. "చెప్పులు ఇక్కడికే పంపించండమ్మా. రేపట్నుంచి పొద్దున్నే వచ్చి కూర్చుంటాను. ఖాళీ ఉన్నప్పుడు అల్లుడి కార్డులు కూడా చూస్తాను. ఒకటికొకటి సరిపోతున్నాయో లేదో."

ఆయన మాట తప్పలేదు. మిషను పక్కనే ఇప్పుడు ఆయన బల్ల, దాని మీద చెప్పుల పెట్టెలు, పైన గోడకి చెప్పుల ఆకారంలోనే జత సన్మానపత్రాలు. కార్డులు ఆయన కంటి కిందనుంచి వెళ్ళాకే కట్టలు కడతారు. అల్లుడు కిందికి దిగే సమయం, టీ గ్లాసులో పోసే టీ, నిదానం చెప్పే వాక్యం, అన్నీ ఆయన కొలుస్తున్నారు. నిదానం వాక్యం మాత్రం ఇంకా పూర్తిగా కొలవలేకపోయారు.

మందుల షాపు రెండు వీధుల అవతల తెరిచారు. తలనొప్పి మాత్రల కోసం అల్లుడు రోజూ అంత దూరం నడిచి వెళ్తున్నాడు.